అంటారియోలో సిటీ, రీజియన్, కౌంటీ: ఏ పని ఎవరిది? తరచుగా అడిగే ప్రశ్నలు

అంటారియోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి సీజన్‌కీ ఒకే సందేహాలు తిరిగొస్తుంటాయి. చలికాలంలో మంచు, ఎండాకాలంలో చెత్త, పన్ను బిల్లు వచ్చినప్పుడు "ఈ రీజియన్ ఎవరు, వీళ్ళకి నేనెందుకు కట్టాలి?" అడిగినవాళ్ళకి అడిగినప్పుడల్లా మళ్ళీ టైపు చేసే బదులు అన్నీ ఒకచోట పెట్టాం. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## ముందుగా మ్యాపు

నేనుండేది మిస్సిసాగాలో. మధ్యలో ఈ "రీజియన్ ఆఫ్ పీల్" ఎక్కడి నుంచి వచ్చింది?

మీ ఇంటి మీద ఒకేసారి రెండు స్థానిక ప్రభుత్వాలున్నాయి. కింది అంతస్తులో మిస్సిసాగా సిటీ, పై అంతస్తులో పీల్ రీజియన్. మిస్సిసాగా, బ్రాంప్టన్, కాలెడన్ మూడూ కలిసి పీల్. ఇది 1974 జనవరి 1న ఏర్పడింది. ఒక్క ఊరు సొంతంగా చేసుకుంటే ఖర్చు తడిసి మోపెడయ్యే పనులు, అంటే మంచినీళ్ళు, మురుగు, అంబులెన్సులు, పేదలకు ఇళ్ళు, రీజియన్ చేతిలో పెట్టారు. పార్కులు, లైబ్రరీలు, ఫైర్, సిటీ బస్సులు, ఇళ్ళ ప్లాన్ పర్మిట్లు సిటీ దగ్గర ఉంచారు. రీజియన్ సిటీకి పై అధికారి కాదు. రెండూ వేర్వేరు పనులు చేసే వేర్వేరు సంస్థలు. సిటీ నిర్ణయం నచ్చలేదని రీజియన్‌కి అప్పీలు చేస్తానంటే కుదరదు.

మొత్తం ఎన్ని మునిసిపాలిటీలు? ఎన్ని రకాలు?

అంటారియోలో 444 మునిసిపాలిటీలున్నాయి, మూడు రకాలుగా. పై అంచె 30, కింది అంచె 241, ఒకే అంచెవి 173. పై అంచెలో కౌంటీలు, రీజియన్లు ఉంటాయి. కింది అంచెలో వాటిలోని సిటీలు, టౌన్లు, టౌన్‌షిప్‌లు, విలేజ్‌లు. ఒకే అంచె అంటే పైన ఇంకెవరూ లేకుండా అన్నీ తామే చూసుకునేవి: టొరంటో, ఒటావా, హామిల్టన్, లండన్, విండ్సర్ లాంటివి. వీటన్నిటికీ ఆధారం 2001 నాటి మునిసిపల్ చట్టం. టొరంటోకి మాత్రం 2006లో చేసిన ప్రత్యేక చట్టం ఉంది.

రీజియన్‌కీ కౌంటీకీ తేడా ఏంటి?

రెండూ పై అంచెలే. కౌంటీలు పాతవి. 1849లో వచ్చిన బాల్డ్విన్ చట్టం కాలం నుంచీ ఈ పద్ధతి నడుస్తోంది. ఊళ్ళు, పొలాలు ఎక్కువగా ఉన్న చోట ఇప్పటికీ కౌంటీలే. రీజియన్లు మాత్రం 1969 తర్వాత, టొరంటో చుట్టుపక్కల ఊళ్ళు ఉబ్బిపోతున్న రోజుల్లో ప్రావిన్స్ (మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిది, ఇక్కడ అంటారియో) కొత్తగా కట్టినవి. యార్క్ 1971లో, వాటర్లూ 1973లో, పీల్, హాల్టన్, డర్హమ్ 1974లో వచ్చాయి. రీజియన్ చేతిలో పనులెక్కువ. పోలీసు, నీళ్ళు లాంటివి చాలావరకు దాని దగ్గరే ఉంటాయి. కౌంటీ దగ్గర రోడ్లు, వృద్ధాశ్రమాలు, సామాజిక సేవల్లాంటివి ఉంటాయి. కౌంటీ పెద్దని వార్డెన్ అంటారు, రీజియన్ పెద్దని చైర్ అంటారు.

రీజియన్ అంటే మన జిల్లా లాంటిదేనా? కలెక్టర్ ఎవరు?

కలెక్టర్ లేరు. వచ్చిన కొత్తలో మనవాళ్ళందరూ పొరబడేది ఇక్కడే. మన జిల్లాలో కలెక్టర్ రాష్ట్ర ప్రభుత్వపు అధికారి. రెవెన్యూ, శాంతిభద్రతలు, ఎన్నికల ఏర్పాట్లు అన్నీ ఆయన టేబుల్ మీదికొస్తాయి. ఇక్కడ పై అంచెలో ప్రావిన్స్ పంపిన అలాంటి అధికారి ఎవరూ ఉండరు. కౌన్సిల్ నిర్ణయిస్తుంది, కౌన్సిల్ నియమించుకున్న ముఖ్య పాలనాధికారి అమలు చేస్తారు. పోల్చాలంటే జిల్లా పరిషత్ దగ్గరగా ఉంటుంది, అదీ కొంతవరకే. మన దగ్గర జెడ్‌పీటీసీకి విడిగా ఓటేస్తాం. ఇక్కడ సాధారణంగా సిటీ మేయర్లు, కొందరు కౌన్సిలర్లే వెళ్ళి రీజియన్ కౌన్సిల్లోనూ కూర్చుంటారు.

భూమి రికార్డులు, రిజిస్ట్రేషన్ కూడా రీజియన్ దగ్గర ఉండవు. అవి ప్రావిన్స్ స్థాయి వ్యవస్థలో నడుస్తాయి.

టొరంటో ఏ రీజియన్ కిందికి వస్తుంది?

ఏ రీజియన్ కిందికీ రాదు. 1954 నుంచి 1997 దాకా అక్కడా రెండంచెలుండేవి: పైన మెట్రో టొరంటో, కింద చివరికి మిగిలిన ఆరు మునిసిపాలిటీలు, అంటే పాత టొరంటో, నార్త్ యార్క్, స్కార్‌బరో, ఎటోబికో, యార్క్, ఈస్ట్ యార్క్. 1998 జనవరి 1న మెట్రోతో సహా ఏడింటినీ కలిపి ఒకే సిటీ చేశారు. ఈ "యార్క్", స్టీల్స్ అవెన్యూకి ఉత్తరాన ఉన్న "యార్క్ రీజియన్" వేర్వేరు. నార్త్ యార్క్‌లో ఇల్లు అంటే అది టొరంటో సిటీయే, యార్క్ రీజియన్ కాదు.

లండన్, గ్వెల్ఫ్ కౌంటీ మధ్యలోనే ఉన్నాయి కదా. వాటికి కౌంటీ పన్ను ఉండదా?

ఉండదు. మ్యాపులో లండన్ మిడిల్‌సెక్స్ కౌంటీలో, గ్వెల్ఫ్ వెల్లింగ్టన్ కౌంటీలో ఉన్నట్టు కనిపిస్తాయి. పరిపాలనలో మాత్రం బయటే. కింగ్‌స్టన్, బ్యారీ, పీటర్‌బరో కూడా అంతే. కౌంటీ కౌన్సిల్లో వాటికి సీట్లుండవు, కౌంటీకి పన్ను కట్టవు. కొన్ని సామాజిక సేవల్ని మాత్రం ఒప్పందాల మీద కలిసి నడుపుకుంటాయి.

ఓక్‌విల్‌లో రెండు లక్షల మందికి పైగా ఉన్నారు. ఇంకా "టౌన్" అంటారేంటి?

పేరు మార్చుకోవాలని వాళ్ళకి అనిపించలేదు, అంతే. ఉత్తరాన డ్రైడెన్‌లో ఎనిమిది వేల మంది కూడా లేరు, అయినా అది "సిటీ". ఇప్పటి చట్టంలో సిటీ, టౌన్, టౌన్‌షిప్ అన్న పేర్లని బట్టి అధికారాలు పెద్దగా మారవు. మార్కమ్ 2012లో, రిచ్‌మండ్ హిల్ 2019లో టౌన్ నుంచి సిటీ అయ్యాయి. ఇల్లు కొనేటప్పుడు "టౌన్ కదా, పన్ను తక్కువేమో" అని లెక్క వేసుకోకండి.

మా అడ్రసులో "థార్న్‌హిల్" అని ఉంది. అది ఏ సిటీ?

అడ్రసు చూసి చెప్పలేం. థార్న్‌హిల్‌ని యంగ్ స్ట్రీట్ రెండుగా చీలుస్తుంది: పడమటి వైపు వాన్, తూర్పు వైపు మార్కమ్. ఎదురెదురు ఇళ్ళవాళ్ళకి మేయర్ వేరు, లైబ్రరీ వేరు, చెత్త తీసే రోజు వేరు. పోస్టాఫీసు వాడే ఊరి పేర్లు మునిసిపల్ సరిహద్దుల్ని పట్టించుకోవు. మేపుల్, వుడ్‌బ్రిడ్జ్ అంటే వాన్. మాల్టన్ అంటే మిస్సిసాగా. బ్రామలీ అంటే బ్రాంప్టన్. బోల్టన్ అంటే కాలెడన్. స్కార్‌బరో అని రాసినా అది టొరంటోయే. సొంతిల్లయితే పన్ను బిల్లు ఏ సిటీ పేరుతో వచ్చిందో చూడండి. అద్దె ఇల్లయితే సిటీ వెబ్‌సైట్లో "మీ కౌన్సిలర్ ఎవరు" అన్న చోట అడ్రసు కొట్టి చూడండి. మీది వాళ్ళ సిటీ కాకపోతే అక్కడే తెలిసిపోతుంది.

## ఇంట్లో దిగాక: ఏ పని ఎవరిది

చెత్త తీయలేదు. ఎవరికి ఫోన్ చేయాలి?

దీనికి ప్రావిన్స్ మొత్తానికీ ఒకే జవాబు లేదు. హాల్టన్‌లో, వాటర్లూలో చెత్త రీజియన్ పని. యార్క్ రీజియన్‌లో ఇంటి ముందు నుంచి తీసేది మార్కమ్, వాన్ లాంటి సిటీలు, తీసినదాన్ని ఏం చేయాలో చూసేది రీజియన్. టొరంటోలో అంతా సిటీయే. పీల్‌లో ఇన్నేళ్ళూ రీజియనే తీసింది. ఆ పనిని కింది మునిసిపాలిటీలకి అప్పగించే ప్రక్రియ మొదలైంది కాబట్టి, పీల్‌లో ఉంటే పాత పోస్టులు చూడకుండా సిటీ హెల్ప్‌లైన్ 311కి కొట్టి అడగండి.

ఇంకో మెలిక బ్లూ బాక్స్, అంటే రీసైక్లింగ్ డబ్బా. ప్లాస్టిక్, కాగితం, డబ్బాల బాధ్యత 2026 జనవరి 1 నుంచి మునిసిపాలిటీలది కాదు, ఆ ప్యాకింగుతో సరుకు అమ్మే కంపెనీలది. వాళ్ళ తరఫున ఒక సంస్థ సేకరణ నడుపుతోంది. చెత్త బండి వచ్చి బ్లూ బాక్స్ బండి రాకపోతే సిటీ మీద కేకలేసి లాభం లేదు.

నీళ్ళ బిల్లు సిటీ పంపుతుందా, రీజియన్ పంపుతుందా?

పీల్‌లో రీజియన్. లేక్ అంటారియో ఒడ్డున లేక్‌వ్యూ, లోర్న్ పార్క్ దగ్గర శుద్ధి చేసే ప్లాంట్ల దగ్గర్నుంచి మీ ఇంటి మీటరు దాకా ఇన్నేళ్ళూ దానిదే. ఈ ఏర్పాటును మార్చే ప్రయత్నాలు కూడా నడుస్తున్నాయి కాబట్టి బిల్లు మీద ఎవరి పేరుందో ఓసారి చూసుకోండి.

యార్క్‌లో కథ వేరు. అక్కడ రీజియన్ టోకు వ్యాపారి, సిటీ చిల్లర వ్యాపారి. పెద్ద పైపులు, రిజర్వాయర్లు రీజియన్‌వి. మీ వీధిలో పైపు, మీ మీటరు, మీ బిల్లు సిటీవి. పైగా యార్క్ రీజియన్‌కి లేక్ అంటారియో ఒడ్డు అంగుళం కూడా లేదు. అందుకని ఆ సరస్సు నీళ్ళని టొరంటో నుంచి, పీల్ నుంచి కొనుక్కుంటుంది. వాన్‌లో కుళాయి తిప్పినప్పుడు వచ్చే నీటి వెనక మూడు ప్రభుత్వాలుంటాయన్నమాట. బిల్లు గొడవ మాత్రం సిటీతోనే తేల్చుకోవాలి.

మా వీధిలో మంచు తీశారు, మెయిన్ రోడ్డు మీద తీయలేదు. ఎందుకు?

రోడ్డు యజమానులు వేరు కావచ్చు. కాలనీ వీధులు సిటీవి, పెద్ద రోడ్లు చాలాచోట్ల రీజియన్‌వో కౌంటీవో, 400 సిరీస్ హైవేలు ప్రావిన్స్‌వి. పేరు చూసి మోసపోకండి. యార్క్ రీజియన్‌లో "హైవే 7" అని పిలిచే రోడ్డు చాలావరకు ప్రావిన్స్ హైవే కాదు, 1990ల చివర్లో ప్రావిన్స్ వదిలించుకుంటే రీజియన్ చేతికొచ్చింది.

ఇక మన డ్రైవ్‌వే ముందు ప్లౌ (మంచు తోసే బండి) తోసి వెళ్ళే మంచుగట్టు: కొన్ని సిటీలు అందరికీ తీసిపెడతాయి, కొన్ని వృద్ధులకీ వికలాంగులకీ మాత్రమే, చాలాచోట్ల మన పారే గతి. ఇల్లు కొనేముందు స్కూలు ర్యాంకింగులతో పాటు ఇదీ అడగాల్సిన విషయమే. జనవరిలో ఉదయం ఆరింటికి నడుం వంచాక విలువ తెలుస్తుంది.

పోలీస్, ఫైర్, అంబులెన్స్ మూడూ ఒకరివేనా?

కాదు. 911 ఒకటే కానీ వచ్చే బండ్లు వేర్వేరు సంస్థలవి. రెండంచెల చోట ఫైర్ ఎక్కువగా సిటీది, అంబులెన్స్ పై అంచెది. పోలీసు రీజియన్లలో రీజియన్‌ది. పీల్‌లో ఓ విచిత్రం ఉంది: పీల్ రీజినల్ పోలీస్ చూసేది మిస్సిసాగా, బ్రాంప్టన్‌లని. అదే రీజియన్‌లోని కాలెడన్‌ని ప్రావిన్స్ పోలీసులు చూస్తారు. చాలా కౌంటీ ఊళ్ళలోనూ ప్రావిన్స్ పోలీసులే, ఆ ఊరి మునిసిపాలిటీ వాళ్ళకి డబ్బు కడుతుంది.

బస్సు సిటీదా, రీజియన్‌దా?

యార్క్, డర్హమ్, వాటర్లూలలో రీజియన్‌ది. పీల్, హాల్టన్‌లలో సిటీలది, అందుకే మిస్సిసాగాకి మైవే, బ్రాంప్టన్‌కి బ్రాంప్టన్ ట్రాన్సిట్. గో రైళ్ళు, బస్సులు ప్రావిన్స్ సంస్థవి. ఒకప్పుడు టొరంటో ఉత్తర హద్దైన స్టీల్స్ అవెన్యూ దాటితే మళ్ళీ టికెట్టు. 2024 ఫిబ్రవరి 26 నుంచి టొరంటో సిటీ రవాణా సంస్థ టీటీసీకీ చుట్టుపక్కల బస్సులకీ మధ్య ఒకే చార్జీ నడుస్తోంది, రెండు గంటల గడువులోపు మారితే రెండోసారి కట్టక్కర్లేదు.

బేస్‌మెంట్ అద్దెకివ్వాలి. ఎవరి పర్మిషన్?

సిటీది. రెండంచెల చోట కూడా బిల్డింగ్ పర్మిట్, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిబంధనలు), ఫైర్ తనిఖీ కింది అంచెవే. నీళ్ళు, మురుగు కనెక్షన్లున్న మామూలు ఇంటి స్థలంలో మూడు యూనిట్ల దాకా ఉండొచ్చని 2022 చివర్లో ప్రావిన్స్ చట్టం మార్చింది. అంటే సిటీ సూత్రప్రాయంగా కాదనలేదు. కానీ కిటికీ కొలత, నిప్పు ఆగే గోడ, బయటికి దారి లాంటివన్నీ సిటీ ఇన్‌స్పెక్టరు చూసి సరే అనాలి. బ్రాంప్టన్‌లో రెండో యూనిట్‌ని రిజిస్టరు కూడా చేయించాలి. కిరాయిదారుతో గొడవొస్తే మాత్రం సిటీ దగ్గరికి వెళ్ళడం దండగ. అది ప్రావిన్స్ నడిపే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు పని.

దీపావళికి టపాసులు కాల్చొచ్చా?

మీ సిటీ బైలా (సిటీ చేసుకునే స్థానిక నిబంధన) ఏమంటుందో అదే లెక్క, రీజియన్‌కి సంబంధం లేదు. బ్రాంప్టన్ 2022 చివర్లో ఇళ్ళ దగ్గర టపాసులు కాల్చడాన్నీ అమ్మడాన్నీ నిషేధించింది. పక్కనే ఉన్న మిస్సిసాగాది వేరే బైలా, టొరంటోది ఇంకొకటి. "మా తమ్ముడు వాళ్ళింట్లో కాల్చారుగా" అన్నది బైలా అధికారి ముందు వాదన కాదు. బైలాలు ఏటా మారుతుంటాయి కాబట్టి పండక్కి వారం ముందు సిటీ పేజీ చూసుకోండి.

స్కూలు, హాస్పిటల్, డ్రైవింగ్ లైసెన్స్?

ఈ మూడూ మేయర్ చేతిలో లేవు. హెల్త్ కార్డు, లైసెన్సు, ఆసుపత్రులకు నిధులు ప్రావిన్స్‌వి. స్కూళ్ళని ఎన్నికైన ట్రస్టీలున్న స్కూల్ బోర్డులు నడుపుతాయి, డబ్బూ సిలబస్సూ ప్రావిన్స్‌వి. ఇంగ్లిష్ పబ్లిక్, ఇంగ్లిష్ కాథలిక్, ఫ్రెంచ్ పబ్లిక్, ఫ్రెంచ్ కాథలిక్ అని నాలుగు రకాల బోర్డులుంటాయి.

## పన్ను బిల్లు వచ్చాక

బిల్లు సిటీ పంపింది. లోపల మూడు లైన్లున్నాయి. రీజియన్‌కి విడిగా కట్టాలా?

విడిగా కట్టక్కర్లేదు. సిటీ అందరి తరఫునా వసూలు చేసి పంచుతుంది. ఒక లైను సిటీది, ఒకటి రీజియన్‌ది లేదా కౌంటీది, మూడోది విద్యది. సిటీ, రీజియన్ వాటాల రేటు ఆయా కౌన్సిళ్ళు బడ్జెట్ వేసి తేలుస్తాయి. విద్య రేటు ప్రావిన్స్ నిర్ణయిస్తుంది, ఇళ్ళకి ప్రావిన్స్ అంతటా ఒకటే: 0.153 శాతం. అంటే మీ ఇంటి మదింపు విలువ 5 లక్షల డాలర్లయితే ఆ లైనులో 765 డాలర్లుంటాయి. మీకు పిల్లలున్నా లేకున్నా అంతే.

మిస్సిసాగా బిల్లులో పీల్ లైను సిటీ లైను కంటే పెద్దది. పోలీసు ఖర్చు అందులోనే ఉంటుంది మరి. "మేయర్ పన్ను పెంచేశాడు" అనేముందు ఏ లైను ఎంత పెరిగిందో పోయినేడాది బిల్లు పక్కన పెట్టి చూడండి. అంటారియోలో ఎవరు ఏ పని చేస్తున్నారో చెప్పే కాగితం ఇంతకంటే స్పష్టమైనది మరొకటి లేదు. జనం మాత్రం కట్టాల్సిన మొత్తం చూసి పక్కన పడేస్తారు.

ఇల్లు 11 లక్షలకి కొన్నాను. బిల్లులో విలువ అందులో సగమే ఉందేంటి?

పన్ను కోసం ఇళ్ళ విలువ కట్టేది ఎంపాక్ అనే సంస్థ. అది ఇప్పటికీ వాడుతున్నది 2016 జనవరి 1 నాటి ధరలు. 2020లో కొత్త మదింపు జరగాల్సింది, కోవిడ్ వచ్చి ఆగింది, ఆ తర్వాత ప్రావిన్స్ వాయిదా వేస్తూ వచ్చింది. విలువ తక్కువగా ఉందని సంబరపడక్కర్లేదు. అందరిదీ పాత ధరే కాబట్టి సిటీ తనకి కావలసిన మొత్తానికి తగ్గట్టు రేటు పెట్టుకుంటుంది. మీ వాటా పెరిగేది మీ ఇంటి విలువ పక్కవాళ్ళకంటే ఎక్కువగా పెరిగినప్పుడే.

టొరంటోలో కొంటే రిజిస్ట్రేషన్ అప్పుడు ఎక్కువ పన్నంటున్నారు. నిజమేనా?

నిజం. ఇల్లు చేతులు మారేటప్పుడు ప్రావిన్స్ వేసే పన్ను అంతటా ఉంది. దానిమీద మునిసిపల్ పన్ను కూడా వేసేది ఒక్క టొరంటోయే, 2008 నుంచి. చాలా ఇళ్ళకి ఆ పన్ను దాదాపు రెట్టింపవుతుంది. మొదటిసారి కొనేవాళ్ళకి ప్రావిన్స్ పన్నులో 4,000 డాలర్ల దాకా, టొరంటో పన్నులో 4,475 దాకా మినహాయింపుంది. పౌరసత్వమో పర్మనెంట్ రెసిడెన్సీయో ఉండాలి.

సిటీలు అప్పుల్లో నడుస్తాయా? ఆదాయపు పన్నులో వాటా వస్తుందా?

రోజువారీ ఖర్చుకి లోటు బడ్జెట్ వేయడం చట్టప్రకారం కుదరదు. పైపులు, భవనాల లాంటివాటికి అప్పు చేయొచ్చు. ఆదాయపు పన్నుగానీ అమ్మకం పన్నుగానీ అవి వేయలేవు. అందుకే ప్రతి సమస్యా చివరికి ఇంటి పన్ను దగ్గరికే వచ్చి ఆగుతుంది.

## ఓటు, కౌన్సిల్

నాకు పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) ఉంది, ఇల్లుంది, పన్ను కడుతున్నాను. ఓటుందా?

లేదు. మునిసిపల్ ఎన్నికల్లో కూడా కెనడా పౌరులకే ఓటు, 18 ఏళ్ళు నిండాలి. పౌరసత్వం వచ్చాక మాత్రం ఒక వెసులుబాటుంది: మీరుండే చోటే కాక, మీకు గానీ మీ జీవిత భాగస్వామికి గానీ ఇల్లున్న మరో మునిసిపాలిటీలోనూ ఓటెయ్యొచ్చు. బ్రాంప్టన్‌లో ఉంటూ హామిల్టన్‌లో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్ళకి రెండుచోట్లా ఓటుంటుంది. ఒకే సిటీలో రెండిళ్ళున్నా ఓటు ఒక్కటే. ఎన్నికలు నాలుగేళ్ళకోసారి, అక్టోబర్ నాలుగో సోమవారం. 2022లో అక్టోబర్ 24, 2026లో అక్టోబర్ 26. బ్యాలెట్ మీద పార్టీ పేర్లుండవు.

నేను ఎవరెవరికి ఓటెయ్యాలి? రీజియన్‌కి వేరే ఓటా?

మేయర్, కౌన్సిలర్, స్కూల్ ట్రస్టీ అందరికీ ఉంటాయి. రీజియన్ విషయం చోటుని బట్టి మారుతుంది. మిస్సిసాగాలో వార్డు కౌన్సిలర్లందరూ రీజియన్ కౌన్సిల్లోనూ ఉంటూ వచ్చారు, విడిగా ఓటు లేదు. బ్రాంప్టన్ 2022 బ్యాలెట్లో రీజినల్ కౌన్సిలర్, సిటీ కౌన్సిలర్ అని ఇద్దరికి వేశారు. రీజియన్ చైర్ సంగతి ఇంకో తీరు: 2022లో డర్హమ్, హాల్టన్, వాటర్లూలలో జనం నేరుగా ఎన్నుకున్నారు, పీల్, యార్క్, నయాగరాలలో ప్రావిన్స్ నియమించింది. వందల కోట్ల డాలర్ల బడ్జెట్ నడిపే మనిషిని ఎన్నుకోవడంలో సగం చోట్ల ఓటరుకి పాత్రే లేకపోవడం నాకైతే మింగుడుపడదు.

"స్ట్రాంగ్ మేయర్" అంటే ఏంటి?

2022లో ముందు టొరంటో, ఒటావాలకి ప్రావిన్స్ ఇచ్చిన అదనపు అధికారాలవి. తర్వాత పెంచుకుంటూ పోయి 2025 మేలో 216 మునిసిపాలిటీలకి విస్తరించారు. బడ్జెట్ మేయరే ప్రతిపాదిస్తారు, ముఖ్య అధికారుల్ని నియమించొచ్చు, కొన్ని బైలాలని వీటో చేయొచ్చు. ఆ వీటోని కొట్టేయాలంటే కౌన్సిల్లో మూడింట రెండొంతులు కావాలి. ఇళ్ళ నిర్మాణం లాంటి ప్రావిన్స్ ప్రాధాన్యాలకి సంబంధించిన కొన్ని బైలాలని మూడో వంతుకి మించిన మద్దతుతోనే నెగ్గించుకోవచ్చు. మెజారిటీ లేకుండా తీర్మానం నెగ్గడం ఏ ప్రజాస్వామ్యమో అని చాలామంది కౌన్సిలర్లే అడిగారు.

మా వీధి సమస్య మీద కౌన్సిల్లో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు, పౌరసత్వం కూడా అక్కర్లేదు. సిటీ క్లర్క్ ఆఫీసులో ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. సాధారణంగా ఐదు నిమిషాలిస్తారు. దానికంటే ముందు కౌన్సిలర్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టండి: అడ్రసు, ఫోటో, 311 ఫిర్యాదు నంబరు, ఏం కావాలో ఒక్క వాక్యం. నాలుగు పేజీల ఆవేదన కంటే ఇదే పనిచేస్తుంది.

## మారే సరిహద్దులు, మ్యాపు అంచులు

ప్రావిన్స్ తలచుకుంటే ఒక సిటీని రద్దు చేయగలదా?

చేయగలదు, చేసింది కూడా. 1867 రాజ్యాంగ చట్టం సెక్షన్ 92 ప్రకారం మునిసిపల్ సంస్థలు పూర్తిగా ప్రావిన్స్ అధికారంలోని విషయం. మన దేశంలో 73, 74 సవరణలు పంచాయతీలకీ మునిసిపాలిటీలకీ రాజ్యాంగంలో చోటిచ్చాయి, ఎన్నికలు ఎగ్గొడితే కోర్టుకెళ్ళొచ్చు. ఇక్కడ అలాంటి కవచం లేదు. 1997లో టొరంటో విలీనాన్ని ఓటేసినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు, అయినా జరిగింది. 2018లో ఎన్నికల ప్రచారం నడుస్తుండగానే టొరంటో వార్డులని 47 నుంచి 25కి తగ్గించారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021 అక్టోబర్‌లో 5–4 తేడాతో ప్రావిన్స్ గెలిచింది.

పీల్ రీజియన్‌ని రద్దు చేస్తున్నారన్నారు. అది ఏమైంది?

2023లో చట్టం చేశారు, 2025 జనవరి 1 నుంచి మిస్సిసాగా, బ్రాంప్టన్, కాలెడన్ విడివిడిగా బతకాలని. 36 ఏళ్ళు మిస్సిసాగా మేయర్‌గా ఉండి, విడిపోవాలని పోరాడిన హేజల్ మెక్‌కాలియన్ పేరే ఆ చట్టానికి పెట్టారు. లెక్కలు తీసేసరికి పన్నులు బాగా పెరుగుతాయని తేలి, అదే ఏడాది డిసెంబర్‌లో ప్రావిన్స్ వెనక్కి తగ్గింది. రీజియన్ మిగిలింది. రోడ్లు, చెత్త లాంటి కొన్ని పనుల్ని కింది మునిసిపాలిటీలకి బదలాయించే దారి పట్టారు.

విలీనమైన ఊళ్ళు మళ్ళీ విడిపోయిన సందర్భం ఉందా?

కవార్తా లేక్స్ ప్రయత్నించింది. 2001లో విక్టోరియా కౌంటీ ఊళ్ళన్నీ కలిపి దాన్ని ఒకే సిటీ చేశారు. పొలాలు, సరస్సుల మధ్య "సిటీ" ఏంటని జనం గొణిగారు. 2003లో ఓటింగ్ పెడితే విడిపోదామన్నవాళ్ళు స్వల్ప తేడాతో గెలిచారు. ప్రావిన్స్ ఒప్పుకోలేదు. 1990ల మధ్యలో 800కి పైగా ఉన్న మునిసిపాలిటీలు ఆ విలీనాల ఊపులోనే సగానికి దగ్గరగా తగ్గాయి.

థండర్ బే వైపు ఉద్యోగం వచ్చింది. అక్కడ ఏ రీజియన్, ఏ కౌంటీ?

రెండూ లేవు. ఉత్తర అంటారియోని డిస్ట్రిక్ట్‌లుగా గీశారు, కానీ అవి ప్రభుత్వాలు కావు. వాటికి కౌన్సిలూ ఉండదు, పన్నూ ఉండదు. కోర్టులకీ జనగణనకీ పనికొచ్చే గీతలు. థండర్ బే లాంటి ఊళ్ళు ఒకే అంచె మునిసిపాలిటీలు. సామాజిక సేవలు, చవక ఇళ్ళ కోసం డిస్ట్రిక్ట్ స్థాయిలో బోర్డులున్నాయి.

దూరాలు మాత్రం మన ఊహకి అందవు. ఒక్క కెనోరా డిస్ట్రిక్టే సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా అంత ఉండవు. జనం 70 వేల లోపే. చాలా భూమికి మునిసిపాలిటీయే లేదు. అక్కడ ఇల్లుంటే సిటీ పన్నుకి బదులు ప్రావిన్స్ భూమి పన్ను కడతారు. ఫైర్, వీధి దీపాల్లాంటి నాలుగు పనుల కోసం ఊరివాళ్ళు కలిసి లోకల్ సర్వీసెస్ బోర్డు పెట్టుకోవచ్చు.

బ్రాంట్‌ఫోర్డ్ పక్కన ఉన్న సిక్స్ నేషన్స్ ఏ మునిసిపాలిటీలోది?

ఏ మునిసిపాలిటీలోదీ కాదు. సిక్స్ నేషన్స్ లాంటి ఫస్ట్ నేషన్స్ (ఇక్కడి ఆదివాసీ జాతుల) రిజర్వులు మునిసిపల్ వ్యవస్థకి బయట ఉంటాయి. ప్రావిన్స్ మునిసిపల్ చట్టం అక్కడ వర్తించదు, వాళ్ళ వ్యవహారం ఫెడరల్ ప్రభుత్వంతో. సొంత కౌన్సిళ్ళుంటాయి. సిక్స్ నేషన్స్‌లో ఎన్నికైన కౌన్సిల్‌తో పాటు అంతకంటే పాతదైన హాడినోషోనీ (ఆ ఆరు జాతుల కూటమి) సంప్రదాయ పెద్దల మండలి కూడా ఉంది. బ్రాంట్ కౌంటీ మ్యాపులో ఆ భాగం ఖాళీగా కనిపిస్తే పొరపాటున వదిలేశారనుకోకండి. కౌంటీ హద్దు అక్కడితో ఆగిపోతుంది.